గోపాలపూర్ వ్యాసంలో పర్యాటక లింకుల వివాదం: నా అనుభవం

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల ఊళ్ల గురించి తెలుగు వికీపీడియాలో రాయడం కొన్నేళ్లుగా నా అలవాటు. నేను బరంపురంలో ఉంటాను. ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దు పర్లాకిమిడి జమీందారీని రెండుగా విడగొట్టింది గాని, అటూ ఇటూ ఉన్న చుట్టరికాలనూ మొక్కుబడులనూ తెంచలేకపోయింది. రాయగడ మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికీ, తప్తపాణి వేడినీటి బుగ్గకూ, గోపాలపూర్ సముద్రతీరానికీ శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి తెలుగువారు నేటికీ వస్తూనే ఉంటారు. బయలుదేరే ముందు వాళ్లు ఫోనులో ఊరి పేరు తెలుగులో కొట్టి వెతికితే ముందు వరుసలో కనిపించేవాటిలో వికీపీడియా వ్యాసం ఒకటి. వ్యాసం చిన్నదైనప్పుడు పాఠకుడి చూపు తొందరగానే అడుగున ఉన్న "బయటి లింకులు" అనే విభాగం మీద పడుతుంది. ఈ వివాదమంతా నడిచింది ఆ విభాగం గురించే.

నేను గమనిస్తుండే పేజీల్లో జరిగే మార్పులను చూపే వీక్షణ జాబితాలో, గోపాలపూర్ వ్యాసానికి ఖాతా లేని వాడుకరి ఎవరో చేసిన చేర్పు ఒకటి కనిపించింది. దిద్దుబాటు సారాంశంలో "సమాచారం చేర్చాను" అని ఉంది. చేర్చిన లింకుకు "గోపాలపూర్ పూర్తి వివరాలు" అని పేరు పెట్టారు. తెరిచి చూస్తే ఊరి గురించి నాలుగు వాక్యాలు, ఆ కింద కారు అద్దెలు, రెండు రోజుల ప్యాకేజీల ధరలు, వాట్సాప్ నంబరు ఉన్నాయి. ఒక వెబ్‌సైటుకు వికీలో ఎక్కడెక్కడ లింకులున్నాయో వెతికి చూపే ప్రత్యేక పేజీ ఒకటి ఉంటుంది. అందులో ఆ సైటు చిరునామా ఇచ్చి చూశాను. తప్తపాణి, చిలికా, తంపర, మహేంద్రగిరి, చంద్రగిరి వ్యాసాలలోనూ అదే సైటు లింకు, అవే మాటలతో, చేరి ఉంది. తెలుగు వికీపీడియాలో క్రమం తప్పకుండా రాసేవారు తక్కువ, ఒడిశా ఊళ్ల పేజీలను గమనించేవారు ఇంకా తక్కువ. పెద్ద భాషల వికీలలో కొద్ది నిమిషాల్లో ఎగిరిపోయే ఇటువంటి లింకు మన దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోవడానికి కారణం ఇదే. మహేంద్రగిరి పేజీలోని లింకు అలాగే చాలాకాలంగా ఉన్నదని చరిత్ర పేజీ చూస్తే తెలిసింది.

కారణం సారాంశంలో రాసి, లింకులు తీసేశాను. అవి తిరిగి వచ్చాయి. ఒకే పేజీలో 24 గంటల లోపు మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను తిరగవేయరాదన్నది వికీపీడియాలో అందరికీ తెలిసిన నిబంధన. అయితే ఆ సంఖ్య మనకు ఇచ్చిన కోటా కాదు. అంతవరకూ వెళ్లడమే దిద్దుబాటు యుద్ధమని నా ఉద్దేశం. అందుకని మళ్లీ తీసేయకుండా వ్యాసపు చర్చ పేజీలో విషయం రాశాను. వికీపీడియా లింకుల గిడ్డంగి కాదనీ, ట్రావెల్ గైడు కాదనీ, వస్తువునో సేవనో అమ్మడమే ప్రధానంగా ఉన్న పేజీలకు బయటి లింకులలో చోటు లేదనీ, వ్యాస విషయానికి అధికారిక సైటు ఉంటే దానికి ఒక లింకు చాలుననీ చెప్పి, ఈ లింకు పాఠకుడికి అదనంగా ఏం తెలియజేస్తున్నదో చెప్పమని అడిగాను. అవతలి వ్యక్తి గురించి ఒక్క మాట కూడా రాయకూడదని ముందే నిశ్చయించుకున్నాను. చర్చ వ్యక్తి మీదికి మళ్లిన మరుక్షణం లింకు సంగతి మరుగున పడిపోతుందని ఇతర చర్చలు చదివి గ్రహించాను.

అవతలి నుంచి జవాబు వచ్చింది, అదీ ఈసారి ఖాతా తెరిచి. ఆ జవాబును నేను ఇప్పటికీ గౌరవిస్తాను, ఎందుకంటే అందులోని వాదనలు పసలేనివి కావు. వ్యాసంలో ఊరి గురించి ఏమీ లేదనీ, వచ్చేవాడికి కావలసింది తన పేజీలోనే ఉందనీ మొదట రాశారు. అదే వ్యాసంలో ఒడిశా ప్రభుత్వ పర్యాటకాభివృద్ధి సంస్థ వారి పాంథనివాస్ గదుల బుకింగ్ పేజీకి లింకు ఉందనీ, గదులు అద్దెకివ్వడం ప్రభుత్వం చేస్తే సమాచారమూ, తాను చేస్తే ప్రకటనా ఎలా అవుతుందనీ తరువాత అడిగారు. వీటన్నిటికంటే బలమైన మాట చివరిది: మూలాల జాబితాలో ఒక పెద్ద హోటల్ బుకింగ్ సైటు పేజీ ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, చిన్నవాడి లింకు మాత్రమే తీసేశారు.

వెళ్లి చూస్తే మూడూ నిజమే. మూలంగా ఇచ్చిన ఆ బుకింగ్ పేజీ బలపరుస్తున్నది గోపాలపూర్ బరంపురానికి ఎంత దూరమో చెప్పే ఒకే ఒక వాక్యాన్ని. ఆ దూరానికి జిల్లా యంత్రాంగపు సైటు సరిపోతుంది. కాబట్టి బుకింగ్ పేజీని తీసి ఆ మూలాన్ని మార్చాను. పాంథనివాస్ బుకింగ్ లింకును కూడా తీయాలని చర్చలో ప్రతిపాదించాను. ఆ సంస్థ గురించి వ్యాసం ఉంటే ఆ వ్యాసంలో వారి అధికారిక సైటుకు లింకు ఉండడం సబబు; తప్తపాణి, రంభ, గోపాలపూర్ వంటి ఊళ్ల వ్యాసాలలో గదుల బుకింగ్ లింకు ఉండడం సబబు కాదు, గదులు ఎవరివైనా సరే. దీనికి ఒక సీనియర్ వాడుకరి అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వ సంస్థను ప్రైవేటు వ్యాపారంతో ఒకే గాటన కట్టరాదన్నది వారి వాదన. నాకు అది సమ్మతం కాలేదు. లింకు నొక్కగానే పాఠకుడి ముందు తెరుచుకునేది డబ్బు చెల్లించే పేజీయా, చదువుకునే పేజీయా అన్నదే నా దృష్టిలో తూనిక. జిల్లా యంత్రాంగపు పర్యాటక పేజీలో ఊరి చరిత్ర, దారి వివరాలు ఉంటాయి కనుక అది ఉండవచ్చునని, బుకింగ్ పేజీ ఉండరాదని రాశాను. చివరికి ఆ మాటకే ఏకాభిప్రాయం కుదిరింది.

ఇంతలో, తెలియకూడదనుకున్నది తెలిసిపోయింది. సైటులోని ఫోను నంబరు మా కళాశాల విద్యార్థులను విహారయాత్రలకు తీసుకువెళ్లే ఒక వ్యాను యజమానిది. మా ఊళ్లో తెలుగు కుటుంబాల మధ్య పరిచయాలు అలా ఉంటాయి. ఆ ఖాతా ఎవరిదో నాకు తెలుసునని చర్చ పేజీలో రాయడం నిమిషం పని. కానీ తన అసలు పేరును తానుగా బయటపెట్టుకోని వాడుకరి గురించి బయటి వివరాలు వెల్లడించడాన్ని వికీపీడియా వేధింపుగా పరిగణిస్తుంది, ఆ వాడుకరి చేసింది తప్పే అయినా. ఆ నియమం ఎంత అవసరమో నాకు ఆ రోజుల్లోనే తెలిసి వచ్చింది. పేరు రాసి ఉంటే ఆ తరువాత మా ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ నడిచేదే కాదు.

ఆయన తానే గ్రంథాలయానికి వచ్చి అడిగాడు. "మాస్టారూ, మీరేనని నాకు తెలిసింది. నా సైటులో దొంగ సరుకేమైనా ఉందా? నలుగురికీ పనికొచ్చేదే కదా పెట్టాను" అన్నాడు. "నువ్వు పెట్టావా బాబూ, వేరెవరిచేతనైనా పెట్టించావా?" అని అడిగాను. దానితో అసలు సంగతి బయటపడింది. సైటును ముందుకు తెస్తామని చెప్పే డిజిటల్ మార్కెటింగు వాళ్లకు అతడు నెలనెలా డబ్బు కడుతున్నాడు. వికీపీడియాలో లింకులు పెట్టించడం వాళ్ల ప్యాకేజీలో ఒక అంశం. గోపాలపూర్ చర్చలో జవాబు రాసింది మాత్రం తనే. మిగిలిన వ్యాసాలలో లింకులు చేర్చింది ఆ సంస్థ మనుషులు. డబ్బు తీసుకుని వికీపీడియాలో దిద్దుబాట్లు చేసేవారు ఎవరి తరఫున చేస్తున్నారో, ఎవరు డబ్బు ఇస్తున్నారో వెల్లడించి తీరాలని వికీమీడియా ఫౌండేషను వాడుక నిబంధనలలో 2014లోనే చేర్చారు. ఆ సంస్థ ఎక్కడా ఆ మాట వెల్లడించలేదు.

అంతకంటే అతడు తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. వికీపీడియాలోని బయటి లింకులకు నోఫాలో అనే గుర్తు తనంతట తానుగా తగులుతుంది. ఆ లింకును చూసి అవతలి సైటుకు విలువ పెంచవద్దని వెతుకుడు యంత్రాలకు చెప్పే గుర్తు అది. ఆంగ్ల వికీపీడియా వ్యాసాలన్నిటికీ 2007 జనవరి నుంచి అది అమలులో ఉంది. తెలుగు వికీపీడియాలోనూ అంతే. ఈ గుర్తును ఆజ్ఞగా కాక సూచనగా తీసుకుంటామని గూగుల్ 2019లో ప్రకటించిన మాట నిజమే. అయినా వికీలో లింకు పెడితే సైటు పైకి వస్తుందన్న హామీకి పునాది లేదు. ఈ సంగతి ఆ మార్కెటింగు వాళ్లకు తెలియదని నేను నమ్మలేను. ఫోను తెరపై పేజీ వెనకనున్న కోడును తెరిచి, అతడి లింకు పక్కనే ఉన్న ఆ గుర్తును చూపించాను. అతడు చాలాసేపు దాన్నే చూశాడు. నెలనెలా కట్టిన డబ్బుకు దక్కింది ఏమీ లేదని అతడికి తెలియడం నాకు సంతోషం కలిగించలేదు. అతడిది పెద్ద వ్యాపారం కాదు; వ్యానుకు అప్పు కడుతున్న కుటుంబం.

మహేంద్రగిరి వ్యాసంలో తేలింది వేరే రకం చిక్కు. ఆ కొండ ఎత్తు 1,501 మీటర్లన్న వాక్యానికీ, పైన భీముడు, కుంతి, యుధిష్ఠిరుడి పేర్లతో గుడులున్నాయన్న వాక్యానికీ అదే పర్యాటక సైటును మూలంగా ఇచ్చి ఉంది. సైటులోని పేరా చదువుతుంటే పరిచితమైన వాక్యాలుగా తోచాయి. పోల్చి చూస్తే మన వ్యాసంలోని అక్షరదోషం కూడా అందులో అలాగే ఉంది. చరిత్ర పేజీలో మన వాక్యాలు చేరిన తేదీని, ఇంటర్నెట్ ఆర్కైవు వారి వేబ్యాక్ మెషీనులో ఆ సైటు పేజీ పాత ప్రతి తేదీని పక్కపక్కన పెట్టి చూశాను. మనవే ముందు. వికీపీడియా నుంచి ఎత్తిన మాటలు వికీపీడియాకే ఆధారంగా తిరిగి వచ్చాయన్నమాట. విజ్ఞాన సర్వస్వానికి వ్యాపార ప్రకటన చేసే హాని కంటే ఇది చేసే హాని ఎక్కువ. ప్రకటనను పాఠకుడు చూసి గుర్తుపడతాడు. ఈ గుండ్రటి ఆధారాన్ని ఎవరూ గుర్తుపట్టరు. వికీపీడియా పాఠ్యాన్ని వ్యాపార సైటులో వాడుకోవడం తప్పు కాదు. అయితే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రకారం మూలం పేర్కొనాలి, తన పాఠ్యాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఆ షరతులు పాటించని పేజీకి లింకు ఇవ్వడానికి వికీపీడియాలో వీలులేదు. ఈ కారణం ఒక్కటే చాలినందువల్ల, వ్యాపారమా కాదా అన్న తర్కం అక్కడ అవసరమే పడలేదు.

నేను ఏమాత్రం మెత్తబడనిది ఒనుకుడెల్లి విషయంలో. కోరాపుట్ జిల్లాలోని ఆ ఊళ్లో గురువారం సంత జరుగుతుంది. మల్కనగిరి జిల్లా కొండల నుంచి బొండాలు ఆ సంతకు దిగివస్తారు. ఒడిశాలో ప్రత్యేకంగా దుర్బలమైనవిగా ప్రభుత్వం గుర్తించిన 13 గిరిజన సమూహాలలో బొండాలు ఒకరు. ఆ వ్యాసం చివర వేరొక సంస్థ చేర్చిన లింకు ఉంది. ఆ పేజీ నిండా సంతకు వచ్చిన స్త్రీల ఫొటోలు, వాళ్లను దగ్గరగా చూపిస్తామన్న హామీ, తలకింత అని ధర. నేను దాన్ని తీసేస్తే, గిరిజనుల గురించి తెలుసుకోవడానికి అది ఉపకరిస్తుందని చర్చలో ఒకరు రాశారు. మనుషులను చూడడానికి టికెట్టు అమ్మే పేజీ ఆ మనుషుల గురించి ఏమి తెలియజేస్తుందో నాకు బోధపడలేదు. వ్యాసంలో ఆనాటికి ఉన్నదల్లా వాళ్ల పూసల గురించీ, మెడ కడియాల గురించీ రెండు వాక్యాలు. తమను తాము రెమో అని చెప్పుకుంటారనీ, వారిది ముండా శాఖకు చెందిన భాష అనీ, ఆ భాషకు తెలుగుతో గాని ఒడియాతో గాని భాషాకుటుంబ సంబంధం లేదనీ ఒక్క ముక్క కూడా లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ సిద్ధం చేసిన గిడుగు రామమూర్తి పంతులు నడిచిన ప్రాంతం ఇది. ఇక్కడి కొండవారి గురించి తెలుగులో రాసే వ్యాసానికి పర్యాటక లింకు దిక్కు కావడం నాకు కష్టం కలిగించింది. భాష, ఊళ్లు, చోళ్ల సాగు, సంత గురించి మానవశాస్త్ర ప్రచురణల ఆధారంగా వ్యాసాన్ని పెంచి రాశాను. ఆ తరువాత లింకు కావాలని ఎవరూ అడగలేదు.

గోపాలపూర్‌లోనూ అదే జరిగింది. "వ్యాసంలో ఏమీ లేదు" అన్న ఆ వ్యాను యజమాని మాటే సరైనదని నాకు లోలోపల తోస్తూ వచ్చింది. గోపాలపూర్ ఒకప్పుడు రేవు. గంజాం నుంచీ, ఇప్పటి శ్రీకాకుళం ప్రాంతం నుంచీ కూలికి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవారు ఓడలెక్కిన రేవుల్లో అదొకటి. మా వైపు రంగం వెళ్లి వచ్చిన తాతల కథ లేని ఇల్లు అరుదు. వ్యాసంలో ఆ ఓడల ఊసే లేదు. పాత రేవు శిథిలాల గురించి, దీపస్తంభం గురించి కూడా లేదు. పాత జిల్లా మాన్యువల్, గెజిటీరు, జనాభా లెక్కల నివేదికలు మా గ్రంథాలయంలోనే ఉన్నాయి. వాటి ఆధారంగా రాశాను. తంపర వ్యాసంలో పడవ షికారు లింకు ఉన్న చోట, ఆ సరస్సు 2021లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రాంసార్ జాబితాలో చేరిందన్న సంగతి రాశాను; 1981లోనే ఆ జాబితాలో చేరిన చిలికాకు అది ఎంత దగ్గరో కూడా చేర్చాను. ఖాళీగా ఉన్న వ్యాసంలో లింకు తీసేస్తే మళ్లీ వస్తుంది. నిండిన వ్యాసంలోకి తిరిగి రావడానికి దానికి సాకు ఉండదు.

లింకులను సాంకేతికంగా అడ్డుకునే నిరోధక జాబితా గురించి కూడా చర్చ వచ్చింది. స్థానిక జాబితాను నిర్వాహకులు చూస్తారు. అన్ని వికీలకూ ఉమ్మడిగా ఉండే మెటా వికీలోని జాబితాలో చేరిన సైటు లింకును వికీమీడియా ప్రాజెక్టులన్నిటిలోనూ భద్రపరచనివ్వరు. ఆ వ్యాను సైటును అందులో చేర్చమని ఒకరు సూచించగా నేను వద్దన్నాను. మాట్లాడితే వినే మనిషికి తాళం వేయడం తగదు. నేను చేర్చమని కోరింది వేరేదాన్ని. ఒక పాత పర్యాటక సమాచార సైటు గడువు ముగిసిపోతే, ఆ చిరునామాను ఎవరో కొనుక్కుని హోటల్ బుకింగులకు వాడుకుంటున్నారు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు వికీలలో అప్పటికే ఉన్న పాత లింకులన్నీ ఎవరూ ముట్టుకోకుండానే ప్రకటనలైపోయాయి. అటువంటి మూలాలను పీకేయకూడదు, ఎందుకంటే అవి బలపరిచే వాక్యాలు నిజమైనవే. మూలం వివరాలు నింపే మూసలో ఆర్కైవు ప్రతికి చిరునామా ఇచ్చి, అసలు లింకు అన్యుల చేతిలో పడిందని సూచించే స్థితిని నమోదు చేస్తే పాఠకుడు పాత పేజీకే వెళతాడు. ఈ పని విసుగు పుట్టించేదే గాని, చేసి తీరవలసినది.

ఆ వ్యాను యజమాని తన పేజీలో మన పాఠ్యానికి మూలం పేర్కొన్నాడు, మార్కెటింగు వాళ్లకు డబ్బు కట్టడం మానేశాడు. పడవ వేళలు, గదుల అద్దెలు రాయడానికి వికీలోనే చోటేమీ లేదా అని ఒకసారి అడిగాడు. ఉంది, వికీవాయేజ్. 2003లో మొదలైన వికీట్రావెల్ 2006లో ఒక వాణిజ్య సంస్థ చేతికి వెళ్లాక, అసంతృప్తి చెందిన రచయితలు విడిగా వచ్చి పెట్టుకున్నది అది. 2013 జనవరిలో వికీమీడియా ప్రాజెక్టు అయింది. అక్కడ హోటలు వివరాలు రాయవచ్చు, ఆ హోటలు సొంత సైటుకు లింకూ ఇవ్వవచ్చు. మధ్యవర్తుల బుకింగ్ లింకులకు మాత్రం అక్కడా చోటు లేదు. హిందీ, బెంగాలీలలో అది ఉంది, తెలుగులో లేదు. ఈ లోటు వల్లనే తెలుగు పర్యాటక సమాచారమంతా వికీపీడియా వ్యాసాల మీద వచ్చి పడుతున్నదని తెలుగు వికీపీడియా వాడుకరుల ఉమ్మడి చర్చావేదిక అయిన రచ్చబండలో రాశాను.

ప్రస్తుతం తేలనిది మంగళాజోడి లింకు. చిలికా ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే ఇప్పుడు సందర్శకులకు పక్షులను చూపిస్తూ పడవలు నడుపుతున్నారు. వారి సంఘపు సైటులో బుకింగు ఉంది, వేట మానిన వైనం కూడా ఉంది. పడవల గురించిన వాక్యానికి స్వతంత్ర మూలం ఇచ్చి, సంఘం గురించి విడి వ్యాసం రాసి, వారి లింకును ఆ వ్యాసంలో మాత్రమే ఉంచాలన్నది నా ప్రతిపాదన. ఊరి వ్యాసంలోనే ఉండాలని మరో వాడుకరి పట్టుబడుతున్నారు. ఆ చర్చ తెరిచే ఉంది. చిలికా ప్రాంతం తెలిసినవారు ఇంకొందరు వచ్చి అభిప్రాయం రాసేవరకు లింకును నేను ముట్టుకోను, సంఘం గురించిన వ్యాసాన్ని మాత్రం మొదలుపెట్టాను.